తీగ లాగితే పన్ను కదిలింది

మొన్న మాఘమాసంలో మా బంధువుల ఇంట పెళ్ళి. ఫంక్షన్ హాల్లో రెండో బంతి లేచింది. వడ్డన కుర్రాళ్ళు బల్ల మీద పరిచిన కాగితాన్ని ఆకులతో, గ్లాసులతో సహా ఒక చివర నుంచి చుట్టుకుంటూ వెళ్ళిపోయారు. చెయ్యి కడుక్కుని వచ్చిన మా అన్నయ్య కొడుకు తన కుర్చీ దగ్గర తెల్లమొహం వేసుకుని నిలబడ్డాడు. పదిహేనేళ్ళవాడు. తినబోయేముందు నోట్లోంచి తీసి, కాగితం రుమాల్లో చుట్టి, ఆకు పక్కన పెట్టుకున్న రిటెయినర్, అంటే క్లిప్పులు తీసేశాక పళ్ళు మళ్ళీ జరగకుండా పెట్టుకునేది, ఆ చుట్టతో పాటే పోయింది.

తర్వాత అరగంట సేపు మా అన్నయ్య పట్టుపంచె ఎగదోపుకుని వంటశాల వెనక పులిహోర, సాంబారు, గోంగూర పచ్చడి కలగలిసిన గుట్టలో వెతికాడు. ఇద్దరు కుర్రాళ్ళు పాపం సాయం వచ్చారు. "ఏం పోయింది సార్, ఉంగరమా?" అని ఒకడు అడిగాడు. "పళ్ళకు పెట్టుకునే క్లిప్పు బాబూ" అన్నాడు అన్నయ్య. ఆ కుర్రాడు నమ్మలేదు. ఉంగరమే అయి ఉంటుందని వాడి అనుమానం.

దొరకలేదు. పదో తరగతి పరీక్షల హడావుడిలో కొత్తది చేయించడం నెల ఆలస్యమైంది. ఈలోపు పై వరసలో ముందు పన్నొకటి, రెండేళ్ళ క్రితం ఎటు తిరిగి ఉండేదో మళ్ళీ అటే కాస్త మొహం తిప్పింది. క్లిప్పులు తీసేసిన రోజున స్వీట్లు పంచి, ఇక పని అయిపోయిందనుకున్న ఇల్లు అది.

పిల్లలకు క్లిప్పులు వేయిద్దామనుకునే ఏ ఇంట్లో చూసినా ముందు వినపడే ప్రశ్నలు రెండే. ఎంతవుతుంది? కనపడనివి వచ్చాయట కదా, అవి మంచివేనా? మా అమ్మాయికి వేయించేటప్పుడు నేనూ వాటితోనే మొదలెట్టాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే ఆ రెండూ చివర్లో అడగండి అంటాను. అసలు అవసరమా, అవసరమైతే ఇప్పుడేనా ఇంకా ఆగొచ్చా, వేసేది ఎవరు, వేశాక రోజూ రాత్రి పిల్లల నోరు తెరిపించి చూసేది ఇంట్లో ఎవరు? ముందు తేలాల్సినవి ఇవి.

గట్టు జరిపినట్టు

పన్ను దవడ ఎముకలో గోడకు కొట్టిన మేకులా బిగుసుకుని ఉంటుందనుకుంటాం. వేరుకూ ఎముకకూ మధ్య సన్నటి నారపొర ఒకటి ఉంటుంది. మందం మిల్లీమీటరులో అయిదో వంతు, కాస్త అటూఇటూ. పన్ను ఆ నారలతో ఎముక గుంటలో వేలాడుతూ ఉంటుందన్నమాట. తీగ పన్నును ఒకవైపు నెట్టినప్పుడు అటువైపు నార నలుగుతుంది, ఇటువైపు సాగుతుంది. నలిగినచోట ఎముకను కరిగించే కణాలు చేరతాయి. సాగినచోట కొత్త ఎముకను కట్టే కణాలు చేరతాయి. పొలం గట్టును ఒకవైపు చెక్కుతూ రెండోవైపు మట్టి వేస్తూ పోతే గట్టు ఎక్కడా తెగకుండానే జరిగిపోతుంది చూడండి, అచ్చం అలాగే. పక్క పొలంవాళ్ళతో గొడవ ఒక్కటే తక్కువ.

ఈ పని నెలకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున సాగుతుంది. తొందరగా అయిపోవాలని గట్టిగా బిగిస్తే ఇంకా నెమ్మదిస్తుంది. నార మరీ నలిగితే అక్కడికి రక్తం అందదు, కణాలు పని మానేస్తాయి. నొప్పి ఎక్కువ, లాభం తక్కువ. వేళ్ళ కొసలు అరిగిపోయే ప్రమాదం కూడా పెరుగుతుంది. అందుకే 4 నుంచి 8 వారాలకోసారి పిలిచి కొద్దికొద్దిగా సర్దుతారు. మామూలు కేసు పూర్తికావడానికి 18 నుంచి 24 నెలలు పట్టేది ఇందువల్లే. "ఆరు నెలల్లో అందమైన పలువరుస" అనే బోర్డులు ఈమధ్య వీధికొకటి కనిపిస్తున్నాయి. ఒకటి రెండు పళ్ళు కాస్త పక్కకు ఉన్నవాళ్ళకు నిజమే కావచ్చు. బోర్డు మాత్రం ఆ సంగతి చెప్పదు.

పళ్ళను లాగి వరసలో పెట్టాలన్న ఆలోచన పాతదే. ఫ్రాన్సులో పియరీ ఫోషార్ అనే దంతవైద్యుడు 1728లో అచ్చువేసిన పుస్తకంలోనే, వంపు తిరిగిన లోహపు పట్టీకి దారాలతో పళ్ళను కట్టే పద్ధతి ఉంది. దాన్ని ప్రత్యేక శాస్త్రంగా నిలబెట్టింది అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ యాంగిల్. పై దవడ, కింది దవడ కలిసే తీరును బట్టి 1899లో ఆయన చేసిన మూడు తరగతుల విభజననే మన డాక్టర్లు ఇవాళ్టికీ ఫైలు మీద రాస్తున్నారు. ఒకప్పుడు ప్రతి పన్నుకూ ఉక్కు ఉంగరం తొడిగేవాళ్ళు. నోరంతా ఇనపకొట్టులా ఉండేది. పంటి పైపొరను ఆమ్లంతో కాస్త గరుకు చేస్తే జిగురు పట్టుకుంటుందని 1955లో మైకేల్ బ్యూనోకోర్ చూపించాక, తీగను పట్టే చిన్న బ్రాకెట్లను నేరుగా పన్ను మీదే అంటించే రోజులొచ్చాయి. ఇక ఇప్పుడు మొదటి నెలల్లో వేసే మెత్తటి తీగ కథ మరీ వింత. అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో క్షిపణి ముక్కుకు పనికొచ్చే లోహం కోసం వెతుకుతుంటే దొరికిన నికెల్-టైటానియం మిశ్రమం అది. ఎలా వంచినా పాత ఆకారానికి వచ్చేస్తుంది. క్షిపణికి ఏమాత్రం ఉపయోగపడిందో కానీ, ఎనిమిదో తరగతి పిల్లల నోళ్ళలో మాత్రం స్థిరపడిపోయింది.

ఏడేళ్ళకు చూపు

అమెరికా ఆర్థోడాంటిస్టుల (పళ్ళ వరస సరిచేసే డాక్టర్ల) సంఘం పిల్లలకు 7 ఏళ్ళు వచ్చేసరికి ఒకసారి పళ్ళ వరస చూపించమంటుంది. మంచి సలహా. ఆ వయసుకు మొదటి శాశ్వత దవడపళ్ళు, ముందుపళ్ళు కొన్ని వచ్చి ఉంటాయి కాబట్టి రాబోయే వరస ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు అర్థమవుతుంది. చూపించమన్నారంటే వేయించమన్నారని కాదు. ఎక్కువమంది పిల్లల్ని చూసి "ఇప్పుడేం వద్దు, ఏడాదికోసారి తీసుకురండి" అని పంపేస్తారు. అలా పంపిన డాక్టరును నమ్మొచ్చు.

ఏడు, ఎనిమిదేళ్ళ పిల్లల తల్లిదండ్రులు ఎక్కువగా కంగారుపడేది పై ముందుపళ్ళ మధ్య సందు చూసి. రెండు పళ్ళూ చెరో పక్కకు వాలి, మధ్యలో అగ్గిపుల్ల దూరేంత ఖాళీ ఉంటుంది. అమ్మమ్మలు అదృష్టమంటారు, అమ్మలు ఏడుపుమొహం పెడతారు. పైన ఎముకలో ఉన్న కోరపళ్ళు కిందికి దిగుతూ పక్కపళ్ళ వేళ్ళను నెట్టడం వల్ల వచ్చే తాత్కాలిక అవస్థ అది. పదకొండు, పన్నెండేళ్ళకు కోరపళ్ళు పూర్తిగా దిగాక చాలామందికి దానంతటదే మూసుకుపోతుంది. ఈ సందుకు ఎనిమిదేళ్ళకే క్లిప్పులు వేసి డబ్బు తీసుకునేవాళ్ళూ ఉన్నారు.

మరి తొందరపడాల్సింది ఎప్పుడు? కింది పళ్ళు పై పళ్ళకు ముందుగా వచ్చి మూసుకుంటుంటే, అంటే తిరగబడిన కొరుకు ఉంటే, పై దవడ ఎదుగుదల ఉండగానే చూపించాలి. దవడ ఒకపక్కకు జరిగి మూసుకుంటున్నా అంతే. నాలుగైదేళ్ళు దాటినా వేలు చప్పరించడం మానని పిల్లలకు ముందుపళ్ళు పైకి లేచి, నోరు మూసినా మధ్యలో కిటికీ తెరిచినట్టు ఉండిపోతుంది. వేలికి వేపాకు రసం పూయడం మన ఇళ్ళలో పాత మందు. కొందరికి పనిచేస్తుంది. పనిచేయకపోతే తిట్టడం, నలుగురిలో ఎగతాళి చేయడం మాత్రం వద్దు. వేలు అడ్డుకునే చిన్న పరికరాలున్నాయి. ఇక రాత్రిళ్ళు నోరు తెరుచుకుని, గురకపెట్టి నిద్రపోయే పిల్లల్ని ముందు చెవి-ముక్కు-గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ముక్కు వెనకుండే అడినాయిడ్స్ అడ్డుపడి ముక్కుతో గాలి ఆడనంత కాలం ఎన్ని తీగలు వేసినా ప్రయోజనం తక్కువ.

ఎత్తుపళ్ళ సంగతి కాస్త విడిగా చెప్పాలి. స్కాట్లాండులో విలియం క్లార్క్ అనే ఆర్థోడాంటిస్టు దగ్గరికి 1977లో సాటి డాక్టరు కొడుకు ఒకడు పడిపోయి ముందుపన్ను కదిలించుకుని వచ్చాడు. పై పళ్ళు అంత ముందుకుండడం వల్లే దెబ్బ వాటికి తగిలింది. కింది దవడను ముందుకు ఉంచేలా రెండు ప్లాస్టిక్ దిమ్మెలతో క్లార్క్ ఆ పిల్లవాడి కోసం చేసిన పరికరమే ట్విన్ బ్లాక్. మన దగ్గర కూడా కింది దవడ వెనక్కున్న పిల్లలకు ఇవాళ విరివిగా వాడుతున్నారు. దాన్ని ఎప్పుడు వాడాలన్నదే ప్రశ్న. వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కాక్రేన్ సమీక్ష తేల్చిందేమిటంటే, ఎత్తుపళ్ళకు చిన్నప్పుడే ఒక విడత, పెద్దయ్యాక మరో విడత చికిత్స చేసినా, టీనేజీలో ఒకేసారి చేసినా చివరికి దక్కే ఫలితం దాదాపు ఒకటే. పడినప్పుడు ముందుపళ్ళు విరిగే ప్రమాదం తగ్గడమే ముందుగా చేయడం వల్ల కలిగే లాభం. కాబట్టి మీవాడు గోడలు దూకే రకమా, మూల కూర్చుని బొమ్మలు వేసుకునే రకమా అన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

పాలపళ్ళ గురించి ఒక్క మాట. "ఎలాగూ ఊడిపోయేవే కదా" అని పుచ్చిన పాల దవడపళ్ళను పీకించి వదిలేస్తాం. అవి పది, పన్నెండేళ్ళ దాకా ఉండి కింద వచ్చే శాశ్వత పన్నుకు చోటు కాపాడాలి. ముందే పోతే వెనకపళ్ళు ముందుకు జరిగి, రావాల్సింది పక్కనుంచో పైనుంచో వస్తుంది. పన్ను మీద పన్ను చాలామందికి అక్కడే మొదలు. పీకించక తప్పకపోతే ఆ ఖాళీ నిలబెట్టే చిన్న తీగ పట్టీ వేయమని డాక్టరును అడగండి.

హాస్టలుకు ముందే

ఆడపిల్లలకు పది, పన్నెండేళ్ళ మధ్య, మగపిల్లలకు పన్నెండు, పద్నాలుగేళ్ళ మధ్య ఎదుగుదల ఊపందుకుంటుంది. శాశ్వత పళ్ళూ అప్పటికి దాదాపు వచ్చేస్తాయి. దవడ ఎదుగుదల సాయం కావాల్సిన పిల్లలకు అదే సరైన అదను.

మన రాష్ట్రాల్లో ఇంకో క్యాలెండరు కూడా ఉంది. పదో తరగతి అవగానే పిల్లల్లో చాలామంది ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలకు వెళ్ళిపోతారు. తెల్లవారక ముందు లేచి రాత్రి దాకా క్లాసులు, ఆదివారం పరీక్ష, బయటికి పంపాలంటే వంద అడ్డంకులు. క్లిప్పులతో హాస్టల్లో చేరిన పిల్లవాడు నెలనెలా డాక్టరు దగ్గరికి ఎలా వెళతాడు? మూడేసి నెలలు తప్పుతాయి. బ్రాకెట్ ఊడితే ఊడినట్టే ఉంటుంది. పదిమంది వరసలో నిలబడే బేసిన్ దగ్గర ఎవరు పది నిమిషాలు పళ్ళు తోముతారు? ఏడు, ఎనిమిది తరగతుల్లో మొదలుపెట్టి పదో తరగతి సగానికి ముగిస్తే ఈ గొడవుండదు. అవసరం ఉందని తేలాక "టెన్త్ అయ్యాక చూద్దాం" అనుకోవడం మనకు సరిపడే లెక్క కాదు. ఇంటర్ మొదటి ఏడాదిలో వేయించి చేతులు కాల్చుకున్న ఇళ్ళు మా బంధువుల్లోనే మూడున్నాయి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళలో కొందరు వేసవి సెలవులకు వచ్చినప్పుడు పిల్లలకు ఇక్కడే క్లిప్పులు వేయించుకుని వెళతారు. అక్కడ వేల డాలర్లు, ఇక్కడ వేల రూపాయలు. ఆశ సహజమే. వెళ్ళాక నెలనెలా సర్దేది ఎవరు? సగంలో ఉన్న ఇంకొకరి కేసు చేతిలోకి తీసుకోవడానికి ఏ దేశంలోనైనా డాక్టర్లు వెనకాడతారు, ఒప్పుకున్నా మళ్ళీ మొదటి నుంచి ఖర్చు చెబుతారు.

నాలుగు పళ్ళు తీయాలంటే

"గట్టి పళ్ళను పీకుతారట!" మా ఇంట్లో అన్నిటికంటే పెద్ద రగడ ఇక్కడే జరిగింది. మా అత్తగారైతే పై పన్ను పీకితే కంటిచూపు పోతుందని మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఈ భయం ఊరూరా ఉంది. చూపును మోసే నరం వేరు, పై పళ్ళకు వెళ్ళే నరం వేరు. పన్ను తీస్తే చూపుకు ఏమీ కాదు.

పళ్ళు తీయాలా వద్దా అన్న వాదన డాక్టర్ల మధ్యా పాతదే. యాంగిల్ ఒక్క పన్ను కూడా తీయకూడదని పట్టుబట్టినవాడు. ఆయన శిష్యుడు చార్లెస్ ట్వీడ్, తాను అలా సరిచేసిన పళ్ళు తిరిగి చెదిరిపోవడం, మూతి ముందుకు పొడుచుకురావడం చూసి, అలాంటివాళ్ళలో వందమందికి రుసుము తీసుకోకుండా పళ్ళు తీసి మళ్ళీ చికిత్స చేశాడు. 1940లో ఆ కేసులను తోటివాళ్ళ ముందు పెట్టాడు. అప్పట్నుంచి గాలి అటూఇటూ మారుతూనే ఉంది. ఇవాళ సమంజసమైన సమాధానం ఒక్కటే: దవడలో చోటెంత, పళ్ళ వెడల్పెంత, పెదాల తీరేమిటి అన్నది కొలిచి చూడాలి. చోటు బాగా తక్కువైతే కోరపన్ను వెనకుండే చిన్న దవడపళ్ళను తీస్తారు. ఒక్కోటి దాదాపు 7 మిల్లీమీటర్ల ఖాళీ ఇస్తుంది. ఆ ఖాళీ చికిత్స అయ్యేసరికి మూసుకుపోతుంది. ఎక్స్‌రే ముందు పెట్టి ఎందుకు తీయాలో మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే ఒప్పుకోండి. చెప్పలేకపోతే ఇంకొకరికి చూపించండి. పీకిన పన్నును మళ్ళీ పెట్టలేరు, ఒక వారం ఆగడంలో నష్టం లేదు.

ఎవరి చేతిలో పెడుతున్నాం

బీడీఎస్ చదివినవాళ్ళంతా దంతవైద్యులే. పళ్ళను, దవడలను కదిలించే శాస్త్రం మాత్రం ఆ తర్వాత మూడేళ్ళ ఎండీఎస్. ఆర్థోడాంటిక్స్‌లో ఎండీఎస్ చేశారా, రాష్ట్ర దంతవైద్య మండలిలో నమోదయ్యారా అని అడగడానికి మొహమాటపడక్కర్లేదు. చాలా క్లినిక్కుల్లో ఆర్థోడాంటిస్టు వారానికో రోజు వచ్చి వెళతారు. అదీ తప్పు కాదు. మీ పిల్లకు ప్రతిసారీ చూసేది ఆయనేనా, ఆయన రాని రోజు బ్రాకెట్ ఊడితే ఎవరు చూస్తారన్నది ముందే తేల్చుకోండి.

మేం మొదట వెళ్ళిన చోట పేరు రాసుకోగానే ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టారు. ఇవాళే మొదలెడితే అయిదు వేలు తగ్గింపట. పంటి ఎక్స్‌రే తీయరా అంటే "అవి తర్వాత చూద్దాం మేడం" అన్నారు. లేచి వచ్చేశాం. పళ్ళన్నీ, దవడ ఎముకంతా ఒకేసారి కనిపించే ఓపీజీ, తలను పక్కనుంచి తీసే సెఫలోగ్రామ్, పళ్ళ అచ్చులు లేదా స్కాన్, ముఖం ఫొటోలు. ఇవి లేకుండా తీగ వేయడమంటే కొలతలు తీసుకోకుండా జాకెట్టు కత్తిరించడమే. ఎముకలోపల అడ్డంగా పడుకున్న కోరపన్నో, అసలు పుట్టని పన్నో ఉంటే నోరు తెరిచి చూసినంత మాత్రాన తెలియదు. వీటి ప్రతులు ఒక ఫైలులో మీ దగ్గరా ఉంచుకోండి. బదిలీ అయినా, డాక్టరు మారినా అవే దిక్కు.

డబ్బు చాలనివాళ్ళకు దారి లేకపోలేదు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంతవైద్య కళాశాల, విజయవాడ, కడప ప్రభుత్వ దంతవైద్య కళాశాలల్లో ఆర్థోడాంటిక్స్ విభాగాలకు వెళ్ళి అడగండి. ప్రైవేటు డెంటల్ కాలేజీ ఆసుపత్రుల్లోనూ బయటి క్లినిక్కుల కంటే తక్కువలో అవుతుంది. ప్రొఫెసర్ల పర్యవేక్షణలో పీజీ విద్యార్థులు చేస్తారు. ఎక్కువసేపు కూర్చోవాలి, చేసే విద్యార్థి మధ్యలో మారొచ్చు. ఆ ఓపిక ఉంటే చాలు, చికిత్స నాణ్యత గురించి బెంగ అక్కర్లేదు.

బయట నగరాల్లో మామూలు మెటల్ క్లిప్పులకు 30 వేల నుంచి 60 వేల దాకా చెబుతున్నారు. పంటి రంగులో ఉండే సిరామిక్‌వి ఇంకాస్త ఎక్కువ. తీగ లేకుండా పళ్ళకు తొడుక్కునే పారదర్శకమైన అలైనర్లు లక్ష దాటడం మామూలే. ఈ మొత్తంలో ఎక్స్‌రేలు, ఊడిన బ్రాకెట్లు, చివర్లో రిటెయినర్ కలిసి ఉన్నాయో లేదో రాయించుకోండి.

మెటల్ గట్టిది, చవక, ఎలాంటి కేసుకైనా పనికొస్తుంది. సిరామిక్ అంతగా కనపడదు కానీ మన వంటలకు లోకువ. బ్రాకెట్ తెల్లగానే ఉన్నా తీగను దానికి పట్టి ఉంచే పారదర్శకమైన రబ్బరు రింగులు మొదటి పూట పప్పుచారుకే పసుపు పచ్చబడతాయి. వచ్చే నెల మార్చేదాకా అంతే. తీగను రబ్బరు లేకుండా తనే పట్టుకునే రకం బ్రాకెట్లను "త్వరగా అవుతుంది, నొప్పి ఉండదు" అని అమ్ముతారు. పరిశోధనల్లో ఆ మాట నిలబడలేదు.

అలైనర్లు 1997లో అమెరికాలో అలైన్ టెక్నాలజీ అనే కంపెనీతో మొదలయ్యాయి. తినేటప్పుడు తీసేయొచ్చు, తోముకోవడం సులువు. రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకుంటేనే పనిచేస్తాయి. పన్నెండేళ్ళ పిల్లవాడు పెట్టుకున్నాడో, జేబులో పెట్టాడో మీకు తెలియదు. ఉద్యోగాలు చేసే పెద్దవాళ్ళకు, అంత చిక్కులేని కేసులకు బాగుంటాయని నా లెక్క. డాక్టరు ముఖం చూడకుండా ఇంటికే అచ్చుపెట్టె పంపే వ్యాపారంతో మాత్రం జాగ్రత్త. అమెరికాలో స్మైల్‌డైరెక్ట్‌క్లబ్ ఆ పద్ధతిలోనే పెరిగి, 2023 డిసెంబరులో ఉన్నట్టుండి మూతపడింది. సగం జరిగిన పళ్ళతో ఎందరో నడిమధ్య ఆగిపోయారు.

ఆవకాయ టెంక, చెరకు గడ

వేయించుకున్న మొదటి వారం కష్టం. దవడపళ్ళ మధ్య ముందుగా చిన్న రబ్బరు వలయాలు పెడతారు, మాంసం పీచు ఇరుక్కున్నట్టు చిరాకు. తీగ పడ్డాక రెండు మూడు రోజులు పెసరట్టు కూడా నమలలేరు. ఇడ్లీ, పెరుగన్నం, మెత్తగా కలిపిన పప్పన్నం. నొప్పికి డాక్టరు చెప్పిన మాత్ర చాలు. చెంప లోపల ఒరుసుకుని పుండ్లు పడతాయి. వాళ్ళిచ్చే మైనం చిటికెడు తీసి బ్రాకెట్ మీద అద్దాలి, గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పుక్కిలించాలి. రెండు వారాలకు నోరే అలవాటుపడుతుంది. గిల్టు నగలు పెట్టుకుంటే దద్దుర్లు వచ్చే పిల్లలైతే ముందే చెప్పండి. ఆ తీగల్లో నికెల్ ఉంటుంది, అది పడనివాళ్ళకు వేరే రకం వాడతారు.

ఇక తిండి. మన పండగలన్నీ క్లిప్పులకు శత్రువులే. జంతికలు, చేగోడీలు, చక్కిలాలు, పల్లీ చిక్కీ కొరికితే బ్రాకెట్ పైకి లేచి వస్తుంది. అరిసె, మామిడితాండ్ర తీగకు పాకంలా పట్టుకుంటాయి. జామకాయ, మొక్కజొన్న కంకి నేరుగా కొరక్కూడదు, ముక్కలుగా కోసి, గింజలు వలిచి తినొచ్చు. చెరకు గడ పూర్తిగా నిషిద్ధం. ఆవకాయ ముక్కలో టెంక, మటన్ ఎముక, కూల్‌డ్రింకులో మిగిలిన ఐసు ముక్క, పెన్ను మూత. మా అమ్మాయి మూడు బ్రాకెట్లు ఊడగొట్టుకుంది. ఒకటి చెరకుకు, రెండు పెన్ను మూతకు. ఊడిన ప్రతిసారీ ఆ పన్ను పని కొన్ని వారాలు వెనక్కిపోతుంది. ఊరటనిచ్చే సంగతి ఏమిటంటే, పూతరేకులు, బందరు లడ్డు తినొచ్చు. తిన్నాక తోముకోవాలి.

అసలు పరీక్ష ఈ తోముకోవడమే. బ్రాకెట్ చుట్టూ పాచి చేరితే ఆ చోట పంటి పైపొరలో సున్నం కరిగి సుద్దముక్కలాంటి తెల్ల మచ్చ పడుతుంది. ఇది మొదలవడానికి నెల చాలు. రెండేళ్ళ తర్వాత క్లిప్పులు తీసిన ఒక అమ్మాయిని చూశాను. వరస గీత గీసినట్టుంది. ప్రతి పన్ను మీదా బ్రాకెట్ ఉన్నచోట మెరుపు, చుట్టూ తెల్లటి చట్రం. ఆ మచ్చలు పూర్తిగా పోవడం కష్టం. పొద్దున, రాత్రి, కుదిరితే మధ్యాహ్నం కూడా ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో, తీగకు పైనా కిందా విడివిడిగా తోమాలి. తీగ వెనక దూరే చిన్న బ్రష్షులు మందుల షాపులో దొరుకుతాయి. రాత్రి తోమాక టార్చి వేసి చూసే పని అమ్మో నాన్నో పెట్టుకోవాలి, పిల్లలు ఎంత విసుక్కున్నా సరే.

నల్గొండ పల్లెల్లో, కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన పిల్లల పళ్ళ మీద గోధుమ రంగు గారలు ఉంటాయి. అలాంటి పైపొర మీద జిగురు సరిగా పట్టదు, బ్రాకెట్లు ఎక్కువగా ఊడతాయి. క్లిప్పులు కుదరవని కాదు. అంటించే పద్ధతి మార్చాలి. మా ఊరి నీళ్ళు ఇలాంటివని డాక్టరుకు మొదటి రోజే చెప్పండి.

కొన్ని నెలలయ్యాక పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య తగిలించుకోమని చిన్న రబ్బర్లు ఇస్తారు. కొరుకు కలిసేలా చేసేది అవే. పిల్లలు వాటిని తీసి స్కూల్లో ఒకరి మీద ఒకరు విసురుకుంటారు. చికిత్స రెండేళ్ళది మూడేళ్ళయిందని గొణిగే ఇళ్ళలో సగం చోట్ల కారణం ఈ రబ్బర్లే అని నా అనుమానం.

పెళ్ళికి ఆరు నెలల ముందు

పెద్దవాళ్ళకు వయసు అడ్డం కాదు. ముప్పై అయిదుకైనా, యాభైకైనా పళ్ళు కదులుతాయి, కాస్త నెమ్మదిగా. చిగుళ్ళు ఆరోగ్యంగా ఉండాలి, ముందు వాటి సంగతి చూసుకున్నాకే తీగ. సంబంధాలు చూస్తున్నామని ఆరు నెలల గడువు పెట్టి కూతుర్ని తెచ్చే తల్లిదండ్రులతోనే డాక్టర్లకు తలనొప్పి. సంబంధాల కోసమైతే తీగతో ఫొటో దిగినా ఏమీ కాదు. ఆరు నెలల్లో సగం జరిపి వదిలేస్తే మాత్రం మొదటి కంటే ఘోరంగా ఉండొచ్చు.

పెట్టె ఖరీదు వంద

క్లిప్పులు తీశాక పన్ను చుట్టూ కొత్త ఎముక గట్టిపడటానికి నెలలు పడుతుంది. చిగురులోని నారలు పాత చోటుకు లాగుతూనే ఉంటాయి. అందుకే రిటెయినర్. మొదటి నెలల్లో రోజంతా, తర్వాత రాత్రిళ్ళు. ఎన్నాళ్ళు అంటే, వరస అలాగే ఉండాలనుకున్నన్నాళ్ళు. క్లిప్పులు అసలు వేయించుకోనివాళ్ళ పళ్ళు కూడా వయసుతో జరుగుతూనే ఉంటాయి. కొందరికి ముందుపళ్ళ వెనక కనపడకుండా సన్నటి తీగ శాశ్వతంగా అంటిస్తారు. దానికీ తోముడు తప్పదు.

మావాడికి కొత్త రిటెయినర్ వచ్చింది. బిగుతుగా ఉందని వారం రోజులు ఏడుపుమొహం పెట్టాడు, తిరిగిన పన్ను చాలావరకు సర్దుకుంది. ఈసారి అన్నయ్య ఎర్రటి ప్లాస్టిక్ పెట్టె కొనిచ్చాడు, దాని మీద మా వదిన నెయిల్ పాలిష్‌తో ఫోన్ నంబరు రాసింది. వేడినీళ్ళతో కడగొద్దు, వంకర పోతుంది. కుక్కలున్న ఇంట్లో బల్ల మీద పెట్టొద్దు, వాటికి ఆ ప్లాస్టిక్ అంటే మహా ఇష్టం. కాగితం రుమాల్లో మాత్రం ఎప్పుడూ చుట్టొద్దు.

మీ ఇంట్లో ఏడేళ్ళు నిండిన పిల్లలుంటే ఈ వేసవి సెలవుల్లో ఒకసారి ఆర్థోడాంటిస్టుకు చూపించండి, ఏమీ అక్కర్లేదని చెప్పించుకోవడానికైనా సరే.